లండను పూటకూళ్ళయింట

లండను నగరమునకు బోయి వచ్చినవారు రాజసౌధములను, ప్రదర్శనశాలలను వర్ణించుట పరిపాటి. మేము థేమ్సు నదికి దక్షిణపు దరినున్న యొక చిన్న పూటకూళ్ళయింటిని గూర్చి వ్రాయుచున్నాము. మా చిన్ననాటి చెలి యచ్చటి వైద్యశాలలో పదునాలుగేండ్లుగా పరిచారిక. రాత్రి పని ముగించుకొని, నిదుర మాని, మమ్ము మధ్యాహ్నభోజనమునకు అచ్చటికి దోడ్కొని పోయినది.

గోడలకు తెల్లని పింగాణి పలకలు, బల్లలపై చలువరాయి, కూర్చుండ నిరుకైన కొయ్యపీటలు. ‘పై’ యనగా గోధుమపిండి పొరలో కూర నుంచి పొయ్యిలో కాల్చినది. మన కజ్జికాయకు దూరపు చుట్టము. తీపి లేదు, నూనెలో వేగదు. లోపల నుండునది సాధారణముగా గోమాంసము. మాకు కూరగాయలది దొరకినది. చెలి తన కేమి తెప్పించుకొనెనో మే మడుగలేదు. ప్రక్కను చిదిపిన బంగాళాదుంప, పైని కొత్తిమీరను బోలిన పార్స్లీ యాకుతో కాచిన పచ్చని పులుసు. దీనిని ‘లిక్కరు’ అందురు గాని మద్యము గాదు! పూర్వము పామువలె నుండు ఈల్ చేప లుడికిన నీటితో దీనిని కాచెడివారట. మేము సందేహింపగా వడ్డించునామె నవ్వి, తమ పులుసులో నది లేదని చెప్పెను.

ఇట్టి యిండ్లు వెలయక పూర్వము ‘పై’ల నమ్మువారు వీథులలో తిరిగెడివారు. హెన్రీ మేహ్యూ 1851లో వెలువరించిన గ్రంథమున వారి వింత యాచారము కలదు. కొనువాడు నాణె మెగురవేసి పందెము కట్టును. అమ్మువా డోడిన ‘పై’ యుచితము. గెలిచెనా, పెన్నీయు వానిదే, ‘పై’యు వానిదే! ఆకలిగొన్నవానికి జూద మేలనో! టవర్ బ్రిడ్జి రోడ్డులో పేరొందిన యంగడిని 1902లో చేపట్టిన మికేలే మాంజే యిటలీనుండి వచ్చినవాడు. లండను పేదల నోటికి రుచియైన కూటిని నిలిపినవారిలో పరదేశియు నొకడని మా చెలి గర్వముతో చెప్పెను.

తినుటకు కత్తి యుండదు. ముల్లుచెంచాయు చెంచాయు మాత్రమే. ‘పై’ని బోర్లించి, రంధ్రము చేసి, మిరపకాయ లూరిన వినిగరు పోయుదురు. నిజము చెప్పవలెనన్న బంగాళాదుంప చప్పన, పులుసున కుప్పు చాలదు. ఆ మిరపకాయలే లేకున్న మాకు ముద్ద దిగకపోవును.

మే మూరినుండి బయలుదేరునాడు, రేపల్లెలో నొంటిగా నున్న యామె తల్లి మమ్ము పిలిచి, “అది తిరిగి యెప్పుడు వచ్చునో తిన్నగా నడిగి రావమ్మా” అని చెప్పియుండెను. తినుచుండగా నడిగితిమి. చెలి గుచ్చిన ముల్లుచెంచాను తీయక కొంతసే పూరకుండెను.

“వదినా, అమ్మ నిచ్చటికి తెచ్చుకొందమన్న 2012 నుండి నిబంధనలు మిక్కిలి కఠినము. ఒకరు చేయనిదే తన పనులు తాను చేసికొనలేదనియు, అట్టి సేవ మన దేశమున దొరకదనియు నిరూపింపవలెను. అమ్మ యింకను నూతినీరు తోడుకొనుచున్నది. ఆమె యారోగ్యమే మా కడ్డు. నేనే వత్తమన్న, నాన్న వైద్యమునకు చేసిన యప్పు తీరలేదు.”

పురాణములు చదివిన మాకు మాతృసేవను గూర్చి చెప్పుటకు మాటలు లేకపోలేదు. అవి యామెయు నెరిగినవే. చెప్పలేదు.

“సంక్రాంతికి నెలదినములు సెలవడిగితిని. ఉత్తరువు వచ్చువరకు అమ్మతో ననకు, ఎదురుచూచుచు నిదురపోదు.”

“మరి యేమి చెప్పుమందువు?”

“కడుపునిండ తినుచున్నానని చెప్పు. ఏమి తినుచున్నానో చెప్పకు” అని, మిగిలిన పచ్చని పులుసును చెంచాతో నూడ్చి, గడియారము చూచుకొని లేచెను.