నీళ్లలో నిలబడ్డ అడవి

బ్రెజిల్‌లో, అమెజాన్ అడవుల నడుమ ఉన్న మనౌస్ ఓడరేవు గోడ మీద రియో నీగ్రో నది ఏ ఏడు ఎంత పొంగిందో రాసి ఉంటుంది. 2021 అంకె అన్నిటికన్నా పైన: 30.02 మీటర్లు. మామూలు ఏడాదిలోనే నీటిమట్టం దాదాపు పది మీటర్లు పెరిగి తగ్గుతుందట. గోదారి వరదంటే వారం పది రోజుల హడావిడిగానే తెలిసిన నాకు, అడవి ఐదారు నెలలు మునిగి ఉండటం ఊహకందలేదు.

జూన్‌లో తరుమా మిరిమ్ పాయకు వెళ్లాం. డికాక్షన్ రంగు నీళ్లు. చెట్లు దగ్గరపడగానే పడవాయన మోటారు ఆపి తెడ్డు అందుకున్నాడు. ఇలాంటి అడవిని ఇక్కడ ఇగపో అంటారు. మొహానికి తగులుతున్నవి మానుల నడిమి కొమ్మలు!

"కొమ్మలు పట్టుకోకండి, చీమలుంటాయి" అన్నాడాయన. ఉండవూ మరి? నేల మీది జనాభాలో సగం పైకొచ్చేసింది.

నీటికి జానెడు పైన బెరడు పెచ్చును మెల్లగా ఎత్తి చూశాను. రెండు మూడు మిల్లీమీటర్ల జీవి, తేలు లాగే ముందు రెండు పట్టకార్లు, తోక మాత్రం లేదు. వెలుతురు పడగానే వెనక్కి వెనక్కి నడిచి పగుల్లో దూరింది.

జర్మన్ శాస్త్రవేత్త యోఆఖిమ్ ఆడిస్ 1970లలో ఈ ప్రాంతపు మానులకు ఉచ్చులు బిగించి, ఎక్కేవాటినీ దిగేవాటినీ లెక్కపెట్టాడు. చాలా పురుగులు నీళ్లు రాకముందే, వానలు పడుతుండగానే ప్రయాణం కడతాయి. ఇక్కడి వానపాములు కూడా చెట్లెక్కుతాయి.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచినవి మాత్రం ఎక్కనివి. ఒక రకం చిన్న రోకలిబండ పిల్లలు నెలల తరబడి నీళ్లలోనే బతుకుతాయి. ఒంటిని అంటిపెట్టుకున్న పల్చటి గాలిపొరలోకి నీటిలోని ఆక్సిజన్ చేరుతూ ఉంటుంది. ఊపిరికి అదే ఆధారం. మునిగిన బెరడు మీది నాచు మేస్తూ కాలక్షేపం చేస్తాయి. మనౌస్ దగ్గరే పారే సోలిమోయిస్ నది ఒండ్రు మట్టిలో ఒక టైగర్ బీటిల్ లార్వా ఇంకా మొండిది. ఆక్సిజన్ దాదాపు లేని బురదలో మూడు నెలలకు పైగా కదలకుండా ఉండగలదు.

ఇదంతా నది వేళకు రావడం, వేళకు పోవడం మీదే నడుస్తోంది. ఉవాటుమా నది మీద 1987లో బాల్బినా ఆనకట్ట గేట్లు మూశాక ఆ లెక్క తప్పింది. దిగువన తక్కువ ఎత్తులో ఉన్న నేలలు ఆరడమే మానేశాయి. ఏటా ఆరు నెలల మునకకు అలవాటుపడ్డ ఇగపో చెట్లు ఏడాదంతా మునిగి, నిలబడ్డచోటే ఎండిపోయాయి.