ఇంటిపాటకు తగిన మైకు

ఇంటియందు పాటలను రికార్డు చేయుటకు ఏ మైకు కొనవలెనని ఇటీవల నన్ను పలువురు అడుగుచున్నారు. పేరంటములకు పోయినచోటనే ఈ ప్రశ్న రెండుమూడు పర్యాయములు వచ్చినది. బజారులో ఉన్నవానిలో మేలైనదాని పేరు ఒక్కటి చెప్పిన చాలునని వారి కోరిక. నేనిచ్చు ఉత్తరము వారికి కొంచెము నిరుత్సాహమునే కలిగించుచున్నది. ముందు ఎవరి గొంతు పట్టదలచితిరో చెప్పుడు, పిదప ఏ గదిలోనో చెప్పుడు. మైకు సంగతి ఆ తరువాత గదా!

మా యింట ఆ గొంతు మా అత్తగారిది. ఆమెకు ఇప్పుడు 84 ఏండ్లు. కోనసీమలోని పుట్టినింట తన నాయనమ్మగారి యొద్ద నేర్చుకొన్న పాటలు ఆమె నోట నేటికిని నిలిచియున్నవి. ఊర్మిళాదేవి నిద్ర మొదలుకొని నలుగుపాటలు, అప్పగింతలపాటలు, శ్రావణ మంగళవారపు హారతుల వఱకు లెక్కింప 40కి తక్కువ లేవు. వీనిలో కొన్ని అచ్చుపుస్తకములలోను దొరకును. కాని పుస్తకములో మాట నిలుచును, వరుస నిలువదు. అంతియకాక, వియ్యపురాలిని ఎత్తిపొడుచు చరణములు కొన్ని ఆమె పాడునట్లు నేనెచ్చటను అచ్చులో చూచియుండలేదు. మూడేండ్ల క్రిందట ఆమె ఒక చరణమును ఊపిరి తీయకుండ ముగించెడివారు. ఇప్పుడు నడుమ రెండు తావుల ఆగుచున్నారు. ఇక ఈ పనిని వచ్చు సంక్రాంతికి చూతములే యని జరపుటకు వీలు లేకపోయెను.

"ఫోనుంది కదమ్మా, మళ్ళీ మైకెందుకూ?" అని మా అబ్బాయి అడిగెను. అడుగదగిన ప్రశ్నయే. నేటి ఫోనులలో నుండు గోరంత మైకు కూడ జాతికి కండెన్సరే యని చాలమంది యెఱుగరు. ఫోనులోనే పట్టి వింటిమి. మాటలన్నియు స్పష్టముగా నున్నవి గాని, పంక్తి చివర అత్తగారు సన్నగా సాగదీయు రాగము మాయమైనది. దీనికి కారణము మైకు కాదు, దాని వెనుక నున్న యంత్రబుద్ధి. చాల ఫోనులలో సంభాషణకు అనుకూలమైన ఏర్పాటొకటి యుండును. అది మాటను మాటగా గుర్తించి పైకి తెచ్చును. ఎడతెగక సాగు సన్నని ధ్వనిని పంకా చప్పుడు వంటిదని యెంచి అణచివేయును. ఆ ఏర్పాటును మాన్పింపగల యాపులు కొన్ని గలవు. వానితో తృప్తి కలిగినవారికి ఫోనే చాలును. ఊరక డబ్బు దండుగ యేల? మాకు మాత్రము తృప్తి కలుగలేదు. చేతిలో చీటీపాట డబ్బు కొంత యుండెను. చీటీపాట డబ్బు పాటకే పోయినదని మా ఆడబిడ్డ నేటికిని నవ్వుచుండును.

రాజమహేంద్రవరములో ఒక దుకాణమునకు పోతిమి. అచ్చటి పెద్దమనిషి డైనమిక్ మైకు నొకదానిని తీసి బల్లపై పెట్టి, "గుళ్ళో భజనకైనా, సభకైనా ఇదేనండి. కింద పడ్డా పగలదు" అనెను. ఆయన మాటలో అబద్ధము లేదు. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎమ్58 ఈ జాతిదే. నేటికిని వేదికలపై దానికి తిరుగులేదు. ఇట్టి మైకులో శబ్దము తగులు పొరకు సన్నని తీగచుట్ట యొకటి అంటియుండును. అది అయస్కాంతము నడుమ కదలి విద్యుత్తును పుట్టించును. దానిని నోటికి రెండుమూడు అంగుళములలో ఉంచుకొని గట్టిగా పాడువారికి అంతకంటె నమ్మకమైనది లేదు. చుట్టుప్రక్కల చప్పుడు కూడ అందులో తక్కువగా పడును.

అయితే మా అత్తగారు మైకును నోటికి ఆనించుకొని పాడు మనిషి కారు. పేరంటములో కూర్చున్నట్లే, ఒక పంక్తికి ఎదుటివారి వంక, ఒక పంక్తికి ప్రక్కవారి వంక చూచుచు పాడుదురు. గొంతు మెల్లనిది, తల కదలుచుండును, మైకు అడుగు దూరమున నుండవలెను. ఇట్టిచోట డైనమిక్ మైకు పుట్టించు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. దానిని పెద్దది చేయబోయినచో పాటతోపాటు బుస్సను చప్పుడును పెద్దదగును.

కండెన్సరు మైకు పని వేఱు. వెండ్రుకకంటె ఎంతో పలుచనైన పొర, పెక్కింటిలో బంగారుపూతతో, ఒక లోహపుబిళ్ళకు మిక్కిలి దగ్గఱగా బిగించియుండును. ఆ రెంటి నడుమ విద్యుత్తు నిలిచియుండును. పొర ఏమాత్రము కంపించినను నడుమనున్న యెడము మారును. ఎడము మారగానే విద్యుత్తులో మార్పు కలుగును. మోయవలసిన తీగచుట్ట లేదు గనుక నిట్టూర్పు కూడ దానిని కదలింపగలదు. అయితే దీనికి ఆహారము కావలెను. ఫాంటమ్ పవర్ అను 48 వోల్టుల విద్యుత్తు, మైకునుండి పాట వచ్చు తీగగుండనే ఎదురుగా పోవును. దానిని ఇచ్చు ఇంటర్‌ఫేస్ అను చిన్నపెట్టె వేఱుగా కొనవలెను. యుఎస్‌బి మైకులైనచో ఆ పెట్టె పని మైకులోనే యిమిడియుండును. ఒక్క తీగతో కంప్యూటరుకు తగిలింపవచ్చును. ఒంటరిగా పనిచేసుకొను ఇల్లాలికి ఇదే సులభము. రెండవ మైకు చేర్చవలెనన్న కోరిక ఉన్నవారు మాత్రము పెట్టె కొనుటయే మేలు.

ఈ మైకును 1916లో అమెరికాలో వెంటె అను ఇంజనీరు కనిపెట్టెను. మెల్లగా పాడువారికి అది ఎంత యుపకారమో తెలియవలెనన్న, అంతకు ముందటి సంగతి తలచుకొనవలెను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోనుకు పాడిననాడు మైకు లేదు, విద్యుత్తు లేదు. పెద్ద బూర యొకటి ముఖమునకు ఎదురుగా నుండెడిది. పాడువారి గొంతు బలమే ఆ బూరగుండ పోయి, సూదిని కదలించి, మైనముపై గీత గీయవలెను. 1925లో విద్యుత్తుతో రికార్డు చేయు పద్ధతి వచ్చువఱకు అన్నిచోట్లను ఇదే వరుస. బూర యెదుట నెగ్గినవి గట్టిగొంతులు. ఉయ్యాల ప్రక్కను, తులసికోట యొద్దను పాడుకొను గొంతు దానికి అందునది కాదు.

ఇక కొనునప్పుడు చూడవలసిన సంఖ్య యొకటి గలదు. మైకు తనంతట తాను చేయు గుసగుసకు సెల్ఫ్ నాయిస్ అని పేరు. ఆడియో-టెక్నికావారి ఏటి2020లో ఇది 20 డెసిబెళ్ళు. రోడ్‌వారి ఎన్‌టి1లో 5 లోపు. సంఖ్య తక్కువైన కొలది మేలు, సందేహము లేదు. కాని రాత్రివేళ సద్దుమణిగిన గదిలోనే 30 డెసిబెళ్ళ ప్రాంతమున చప్పుడుండును. పంకా తిరిగిన మఱింత పెరుగును. 20 గల మైకు గుసగుస 30 గల గదిలో మునిగిపోవును గదా! అందుచేత మేము ఏటి2020నే కొని, మిగిలిన డబ్బుతో కాళ్ళు కదలని స్టాండును, చెవులు మూయు హెడ్‌ఫోనును కొంటిమి. 1967నుండి స్టూడియోలలో పేరుగాంచిన న్యూమన్ యు87 ధర లక్షలలో నుండును. అది మన వంటింటి ప్రక్కగదిలోనికి వచ్చినచో కుక్కరు కూతను మఱింత యథాతథముగ వినిపించుటకంటె చేయునదేమి? చేయి, నురుగుగోడ, బొమ్మలపెట్టె యన్నియు కలిపి ఒక్క మైకు వెలకే యిచ్చెదమను చౌకసెట్టుల జోలికి కూడ పోవలదని నా మనవి. ఆ వెలలో మైకు వాటా ఎంత యుండునో ఆలోచింపుడు.

గది విషయము ధరకంటె ముఖ్యమైనది. మా నడిమియింట పలకలనేల, సున్నపుగోడలు. చప్పట్లు కొట్టిన తిరిగి వినిపించును. అందుకని పరుపులు, బొంతలు పెట్టుకొను గదిని ఎంచుకొంటిమి. గ్రుడ్ల అట్టలు గోడకు అంటించిన చాలునని చెప్పుదురు; అంత పలుచని అట్ట ప్రతిధ్వనిని పీల్చునది చాల స్వల్పము. పాత బొంత దానికంటె పదిరెట్లు నయము. ఆ బొంతను ఎక్కడ వ్రేలాడదీయవలెననుటలో ఒక కిటుకు గలదు. కార్డియాయిడ్ అను రకపు మైకు ముందువైపు వినును, వెనుకవైపు చెవిటిది. కాబట్టి కిటికీ మైకు వీపునకు ఉండవలెను. బొంత పాడువారి వీపు వెనుక ఉండవలెను. పాడువారి వెనుకనున్న గోడనే గదా మైకు చూచుచుండునది! వేళ మధ్యాహ్నము రెండు మొదలు మూడున్నర. వీధి నిద్రించును, కుక్కరు పని ముగియును. మాఘమాసము గనుక పంకా లేకున్నను బాధ లేదు. ఫ్రిజ్‌ను కూడ ఆపవలెను. ఆపినవారు తిరిగి వేయుట మఱవకుండ బీరువా తాళములను దానిలోపలనే పెట్టుకొనుడు.

ప, ఫ, బ, భ అక్షరములు పలికినప్పుడు పెదవులనుండి వచ్చు గాలి పొరకు తగిలి ధబ్బుమని వినబడును. దీనికి బజారులో జల్లెడలు అమ్ముదురు. కుట్టుపని చేయు సోదరీమణులు కొననక్కరలేదు. ఎంబ్రాయిడరీ రింగులో పలుచని నైలాను మేజోడుగుడ్డను బిగించి, మైకుకు నాలుగువ్రేళ్ళ యెడమున నిలిపిన చాలును. మందపు నూలుగుడ్డ వాడరాదు. గాలితోపాటు సకార శకారముల పదునును కూడ అది మింగివేయును.

ఇన్ని యేర్పాట్లు చేసి అత్తగారిని కూర్చుండబెట్టితిమి. ఆమె రెండు పంక్తులు పాడి మానిరి. "అమ్మాయీ, దీన్ని చూస్తూంటే నాకు పాట రావటం లేదే. చేతులు ఖాళీగా పెట్టుకుని ఎప్పుడు పాడాను?" అనిరి. నిజమే. ఆమె పాటలన్నియు పనితో పుట్టినవి. తిరుగలియో, చల్లకవ్వమో, పువ్వులదండయో చేతిలో నుండవలెను. కవ్వము చేతికిచ్చిన మైకు ఆ చప్పుడునే పాడును. చప్పుడు లేని పని యేదియని అందఱము ఆలోచించుచుండగా, ఆమెయే లేచి పూజగదినుండి ప్రత్తిబుట్ట తెచ్చుకొనిరి. వత్తులు చేయుచు ఊర్మిళాదేవి నిద్రను మొదలుపెట్టి, 40 నిమిషములు తడబడక పాడిరి. మేము మఱచిపోయినారని తలచిన చరణములు కూడ వచ్చినవి. ఆ రికార్డులో పాట నడుమ తొడపై ప్రత్తి రాపాడు చప్పుడు సన్నగా వినబడును. కండెన్సరు మైకు గనుక అదియు పడినది.

ఊపిరి కూడ పడినది. మా అబ్బాయి కంప్యూటరులో ఆ ఊపిరులను ఒక్కొక్కటిగా ఏఱివేయుట మొదలుపెట్టెను. అట్లు శుభ్రము చేసిన పాటను వింటిని. ఎక్కడను దోషము లేదు. పాడుచున్నది 84 ఏండ్ల మనిషియని తెలియదు, మా అత్తగారని అంతకంటె తెలియదు. వలదంటిని. అప్పగింతలపాటలో ఒకచోట ఆమె అరనిమిషము ఆగిపోయిరి. 1979లో మా ఆడబిడ్డను అత్తవారింటికి పంపునాడు పాడినది ఆ పాటయే. ఆ నిశ్శబ్దమును కత్తిరింతునా యని అబ్బాయి నన్నడుగలేదు, వాళ్ళ నాయనమ్మనే అడిగెను. "ఉండనీరా" అనిరామె. మా ఆడబిడ్డకు పంపిన ప్రతిలో కూడ అది అట్లే యున్నది. ఆ తరువాత ఆమె చీటీపాట హాస్యము ఆడలేదు, కొన్నాళ్ళ వఱకు.

పట్టినదానిని 48 కిలోహెర్ట్సు, 24 బిట్టుల వేవ్ ఫైలుగా, కుదింపక దాచుచున్నాము. పాట ఎంత పెద్దదైనను మీటరు సున్నకు 12 డెసిబెళ్ళు దిగువనే ఆగునట్లు చూచుకొన్నచో గొంతు పగులదు. మూడు ప్రతులు మూడుచోట్ల నున్నవి, ఒకటి విశాఖపట్టణములో. మైకును మాత్రము చూపుకొఱకు బల్లపై ఉంచము. గోదావరి గాలిలోని తేమ పొరపై చేరిన చిటపటలాడును. ఉపయోగించిన వెంటనే పెట్టెలో పెట్టి, తేమ పీల్చు సిలికాజెల్ పొట్లము నొకదానిని దానితో ఉంచుచున్నాము. దుమ్ము పడినదని నోటితో ఊదుట పనికిరాదు.

ఇప్పటికి 31 పాటలైనవి. మిగిలినవి శ్రావణ మంగళవారములకు సంబంధించినవి, తొమ్మిది. వానిని కూడ ఈ మాఘములోనే పూర్తిచేయుదమని ఎంత బ్రతిమాలినను ఆమె ఒప్పుకొనలేదు. "తోరం కట్టుకోకుండా ఆ పాటలేవిటే?" అని ఒక్కమాట. మా బొంతలగది పైకప్పు రేకులది. శ్రావణములో వాన పడినచో ఆ చప్పుడులో బొంతలు, కిటికీలు, ఏ మైకును పనిచేయవు. కిటికీ వంక చూచుచు కూర్చుండవలసినదే. ఉన్నవి నాలుగైదు మంగళవారములు. వాన లేని మధ్యాహ్నములు రెండైనను దొరకవలెను.