నిమ్మకాయ బండీ, రెండొందల ఫిర్యాదూ

మా శ్రీకాకుళం వైపు కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. మన ఇళ్ళలో ఫాతిహా చదివించి, నాలుగిళ్ళకి మిఠాయి పంచి, అద్దానికి ఓ తస్బీహ్ వేలాడదీస్తారు. (షోరూం కుర్రాడే ముందుగా నిమ్మకాయలు పెట్టేస్తే దిగి తీసేవాళ్ళని మాత్రం నేను చూడలేదు.) అమెరికాలో లెక్క వేరు. అక్కడ బండినే నిమ్మకాయ అంటారు. కొన్న రోజు నుంచీ ఏదో ఒక ఐబ్‌తో వర్క్‌షాపు చుట్టూ తిప్పే కొత్త కారు వాళ్ళ భాషలో ‘లెమన్’. అలాంటి బండి కొన్నవాళ్ళ కోసం 1982లో కనెక్టికట్ రాష్ట్రం మొదటి లెమన్ చట్టం తెచ్చింది. కాలిఫోర్నియాలో అయితే 18 నెలలు లేదా 18,000 మైళ్ళలోపు ప్రాణం మీదికి తెచ్చే లోపానికి రెండుసార్లు, మామూలు లోపానికి నాలుగుసార్లు రిపేరు చేసినా కుదరకపోయినా, మొత్తమ్మీద బండి 30 రోజులకి మించి షెడ్డులోనే ఉన్నా, అది లెమనే అని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకునే జిమ్మేదారీ కంపెనీది.

మన దేశంలో ఆ పేరుతో చట్టం లేదు. అందుకే కొత్త బండి పాడైతే మనవాళ్ళు నసీబు అని ఊరుకుంటారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మద్రసాలో నాలుగు రోజులు ఫిఖ్ చదివిన కుర్రాడికి కూడా ఖియార్-ఎ-ఐబ్ అనే మాట తెలుసు. సౌదా అయ్యాక, కొనేటప్పుడు కనపడని ఐబ్ బయటపడితే సరుకు వాపసు ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంటుంది. కిలో ఖర్జూరాలకి వర్తించే ఆ మాటని ఏడు లక్షల కారు దగ్గర మర్చిపోతాం.

మా ఖాలా వాళ్ళది వజ్రపుకొత్తూరు వైపు ఓ పల్లె. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఖాలాకి వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఆటోలో వెళ్ళొస్తుంటే తిరుగు ప్రయాణంలో బీపీ పడిపోయి ఒళ్ళో వాలిపోయేది. 2018 అక్టోబర్‌లో తుఫాను వాళ్ళ జీడితోటని పడగొట్టేసింది. తిత్లీ అని దానికి పేరు పెట్టింది పాకిస్తాన్. ఆ మాటకి సీతాకోకచిలుక అని అర్థం తెలిసిన ఇల్లు ఆ పల్లెలో మా ఖాలాది ఒక్కటే. చెట్లు పోయిన ఆ నేలనే అమ్మి, సూద్‌కి అప్పు తేకుండా, మా ఖాలాజాద్ భాయ్ కారు కొన్నాడు. ఏడు లక్షల నలభై వేలు. మాకు శ్రీకాకుళం ఎంత దూరమో బరంపురమూ ఇంచుమించు అంతే. అక్కడ తగ్గింపు ఎక్కువ ఇస్తామన్నారని ఒడిశా వెళ్ళి తెచ్చాడు.

మూడోవారం నుంచి మొదలైంది. నడుస్తున్న బండి నడుస్తున్నట్టే ఆగిపోయేది. స్టీరింగు బిగుసుకుపోయేది, బ్రేకు రాయిలా అయ్యేది. పది నిమిషాలాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ఒకసారి హైవే మీద టెక్కలి దాటాక, వెనక గ్రానైట్ లారీ వస్తుండగా ఆగింది. ఇంకోసారి పలాస చేరకముందే ఆగి, ఖాలా ఆ రోజు డయాలసిస్ తప్పింది. రాత్రికి ఊపిరాడలేదు.

ఆరుసార్లు సర్వీసుకి తీసుకెళ్ళాడు. ఆరుసార్లూ కడిగి ఇచ్చారు. “ఏటీ లేదు బాబూ, కొత్త బండి కదా, నాలుగు దినాలు తిరిగితే అదే సదురుకుంటాది” అనేవాడు అక్కడి మేస్త్రీ. పాపం, అతనూ ఉద్యోగస్తుడే. అసలు ధోకా జాబ్ కార్డులో ఉంది. భాయ్ చెప్పింది ‘నడుస్తూ ఆగిపోతోంది’ అని. వాళ్ళు రాసింది ‘జనరల్ చెకప్’ అని. మొదటి మూడు కార్డులూ అలాంటివే. నాలుగోసారి నేను వెంట వెళ్ళాను. కస్టమర్ చెప్పిన షికాయత్ అనే గడిలో తేదీ, కిలోమీటర్లు, ఆగిన చోటు రాయిస్తే గాని సంతకం పెట్టం అన్నాం. అరగంట వాదన. చివరికి రాశారు. ఆ పైన మూడు కార్డులూ, బండి ఆగిపోయినప్పుడు భాయ్ కూతురు ఫోన్లో తీసిన వీడియోలూ మాకు అసలు సబూత్ అయ్యాయి. ఫోన్లో మాట్లాడింది గాలికి పోతుంది భాయీ. ప్రతిసారీ కంపెనీకి ఒక ఈమెయిల్ పడెయ్యండి.

వకీలు దగ్గరికెళ్తే మొదట ఆయనే, “బరంపురంలో కొన్నారు, అక్కడే వెయ్యాలేమో” అన్నాడు. అక్కర్లేదు. 1986 నాటి పాత చట్టంలో ఆ ఇబ్బంది ఉండేది. 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు ఉండే చోట, లేదా పని చేసుకునే చోట ఫిర్యాదు వెయ్యొచ్చు. ఒడిశాలో కొన్నా సరే, మనకి శ్రీకాకుళం జిల్లా కమిషన్ చాలు. కట్టిన ధర 50 లక్షల లోపుంటే జిల్లాలోనే. అయిదు లక్షల వరకు ఫీజు లేదు, అయిదు నుంచి పది లక్షల వరకు 200 రూపాయలు. ఏడు లక్షల నలభై వేల బండికి మేం కట్టింది రెండొందలు. వకీలు తప్పనిసరి కాదు. మన వాదన మనమే చెప్పుకోవచ్చు. లోపం బయటపడ్డ నాటి నుంచి రెండేళ్ళ ముద్దత్ ఉంటుంది. దాటితే ఆలస్యానికి కారణం చూపించి ఒప్పించాలి.

ఇక్కడ ఓ ముచ్చట చెప్పాలి. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం కాబట్టి అదాలత్ కాగితాలు నన్నెప్పుడూ భయపెట్టలేదు. ఫిర్యాదు, దావా, వకాలతు, వాయిదా, దాఖలు, హాజరు, రాజీ, జప్తు, అన్నీ మన ఇంట్లోంచి వెళ్ళిన మాటలే. ఆన్‌లైన్లో ఫిర్యాదు వేసే పోర్టల్‌కి కూడా మొన్నటిదాకా పేరు ఈ-దాఖిల్. 2025 నుంచి దాన్నే ఈ-జాగృతిగా మార్చారు. మాటలు మనవి, వాటిని వాడుకునే ధైర్యం మాత్రం ఇంకొకళ్ళది.

ఏం అడగాలన్నది అసలు కష్టం. లోపం సరిచెయ్యమనొచ్చు, కొత్త బండి ఇమ్మనొచ్చు, సొమ్ము వాపసు అడగొచ్చు, దాంతోపాటు హర్జానా కూడా. కానీ అడిగిందల్లా దొరకదు. సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది, పాడైన భాగం మారిస్తే సరిపోయే చోట బండి మొత్తం మార్చమనడం కుదరదని. కాబట్టి ‘తయారీ లోపం’ అని రాసేస్తే చాలదు, దలీల్ కావాలి. సరుకుని పరీక్షకి పంపమని కమిషన్‌ని అడగొచ్చు. ఖర్చు ముందు మనం కట్టాల్సి రావొచ్చు. అయితే అన్నిటికీ నిపుణుడే రావాలని కూడా లేదు. హ్యుందాయ్ క్రెటాలో ప్రమాదమప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కేసులో, దెబ్బ ఎంత వేగంతో తగిలిందో లెక్కగట్టే భౌతికశాస్త్రం కొన్నవాడికి తెలిసి ఉండాలనుకోవద్దని 2022లో సుప్రీంకోర్టు అంది. షోరూంనీ కంపెనీనీ ఇద్దర్నీ చేర్చడం మర్చిపోకండి. ఒకడి తప్పు ఇంకొకడి మీదికి నెట్టేస్తాడు. 2011 మోడల్ బుక్ చేస్తే వాడేసిన 2009 బండి అంటగట్టిన గోవా కేసులో, డీలర్ చేసిన పనికి టాటా మోటార్స్ జవాబ్దారీ కాదని 2021లో ఫైసలా వచ్చింది.

మన హైదరాబాద్ కేసు ఒకటుంది, అది మరీ సోచాయించేది. 2009 సెప్టెంబర్ 25న జీవీఆర్ ఇండియా ప్రాజెక్ట్స్ బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొంది. నాలుగు రోజులకే లోపం, నవంబర్‌లో మళ్ళీ. వాళ్ళు పోలీసులకి చీటింగ్ ఫిర్యాదిచ్చారు. 2012లో హైకోర్టు ఆ కేసు కొట్టేస్తూనే, పాత బండి తీసుకుని కొత్తది ఇమ్మని కంపెనీకి చెప్పింది. కంపెనీ సరేనంది. కొన్నవాళ్ళు కాదన్నారు, సొమ్మే వడ్డీతో కావాలన్నారు. 2024 జూలై 10న సుప్రీంకోర్టు 50 లక్షలు ఇచ్చి ముగించమంది. పదిహేనేళ్ళు. అంత పెద్ద కంపెనీ కాబట్టి ఆ పదిహేనేళ్ళు తట్టుకుంది.

మా ఇంట్లో కూడా అదే బహస్ నడిచింది. నోటీసు అందగానే అవతలివాళ్ళ గొంతు మారింది. కమిషన్ మీడియేషన్‌కి పంపింది. బండి మార్చం, భాగాలు మారుస్తాం అన్నారు. భాయ్‌కి పౌరుషం. “పూరా కీమత్ వాపస్ లేదంటే సుప్రీంకోర్టు దాకా” అన్నాడు. నేనూ అతని వైపే ఉన్నాను. అమ్మిన నేలని తల్చుకుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఖాలా మంచం మీంచి అంది: “మీ ఇన్సాఫ్ మీరు చూసుకోండి బేటా. నాకు మాత్రం మంగళ, గురు, శని వారాలు బండి కావాలి.” ఇంక ఎవరం మాట్లాడలేదు.

రాజీ అయ్యాం, కానీ కాగితం మా వకీలు గట్టిగా రాయించాడు. ఫ్యూయల్ పంపు, వైరింగు మొత్తం కొత్తవి వెయ్యాలి. ఆ రోజుల్లో వేరే బండి ఇవ్వాలి. వారంటీ ఇంకో రెండేళ్ళు. అరవై వేలు హర్జానా. ఏడాదిలోపు అదే ఐబ్ మళ్ళీ వస్తే బండి మార్చాలి. ఆ చివరి షరతు కోసమే రెండు సిట్టింగులు పట్టింది. ఇప్పటికి పదకొండు నెలలు. బండి దారిలో ఆగలేదు. భాయ్ మాత్రం లారీ వెనక వస్తుంటే ఇప్పటికీ ఎడమకి జరిగిపోతాడు.

ఇంకొక మాట, ఇది ఆటోలు, గూడ్సు బండ్లు నడుపుకునే మన కుర్రాళ్ళకి. కాశీబుగ్గలో జీడిపప్పు డబ్బాలు వేసే చిన్న వ్యానువాడొకడు, తనది వ్యాపార బండి కాబట్టి కమిషన్‌కి వెళ్ళడానికి లేదని షోరూంవాడు చెప్పాడన్నాడు. అది సగం నిజం. లాభం కోసం పది బండ్లు తిప్పేవాడికి ఆ దారి లేదు. ఒక్క బండి కొని, సొంతంగా దాని మీదే రోజీ సంపాదించుకునేవాణ్ణి చట్టం వినియోగదారుడనే అంటుంది. ఆ ముక్క చట్టం రెండో సెక్షన్‌లోనే ఉంది. ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాసుకోవాలి, ఈ బండి తప్ప నాకు వేరే ఆధారం లేదని. అంతకంటే ముందు 1915కి ఫోన్ చెయ్యొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. వాళ్ళిచ్చే నంబరు జాబ్ కార్డు వెనక రాసి పెట్టుకోమని ఆ కుర్రాడికి చెప్పాను.