నారు తీయు వేళ

మాడుగులపల్లి నల్లగొండ జిల్లాలో, నల్లగొండకును మిర్యాలగూడకును నడుమ నున్నది. నాగార్జునసాగరపు ఎడమకాలువ ప్రాంతమగుటచే ఆ చుట్టుపట్ల వరియే ముఖ్యమైన పంట. తొలకరి రాగానే రైతులు నారు పోయుదురు. వైద్యవిద్యకు ప్రవేశపరీక్షయగు ‘నీట్’ ఫలితములును సాధారణముగా ఆ దినములలోనే వెలువడుచుండును.

ఆ యూరి రైతుబిడ్డ యొకతె ఇంటర్మీడియెట్టు ముగించి ఆ పరీక్ష వ్రాసినదనుకొందము. 300 మార్కులు వచ్చెను. కోరిన సీటు రాలేదు.

“హైదరాబాదు పంపి లాంగ్‌టర్మ్ కోచింగు ఇప్పింపుము, బావా” అని మేనమామ తండ్రితో ననెను.

“ఇంకొక యేడు వృథా యేల, తమ్ముడూ? దొరికిన చదువులో చేర్పింపుము” అని మేనత్త యనెను.

తండ్రి కొంతసేపు మాటాడలేదు. “లేతనారు నాటిన చచ్చును. ముదురునారు నాటిన పిలకలు వేయదు. వరి సంగతి నాకు తెలియును గాని చదువు సంగతి తెలియదు, తల్లీ! నీవే చూచుకొని చెప్పుము” అనెను.

పూర్వము వయోపరిమితి యీ చిక్కును కొంత తీర్చుచుండెడిది. 2022లో గరిష్ఠ పరిమితిని తొలగించిరి. ఎన్నిమారులైనను వ్రాయవచ్చును గనుక, ఎప్పుడు వ్రాయవలెనో, ఎప్పుడు మానవలెనో ఎవరికి వారే తేల్చుకొనవలసి వచ్చినది. ఇది సౌకర్యమే, భారము కూడ.

2025 నాటి పరీక్షలో 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటల కాలము. సరియైన జవాబునకు 4 మార్కులు; తప్పునకు 1 మార్కు కోత. ఆ బాలిక తన జవాబులను సరిచూచుకొనెను. సరియైనవి 90, తప్పులు 60, విడిచినవి 30. అంతటితో ఊరకుండిన నిరాశయే మిగిలెడిది. ఆమె ఆ 60 తప్పులను మరల వేరుపరచెను. అందు 36 అసలు తెలియనివి. వానిలో పెక్కు భౌతికశాస్త్రమునకు చెందినవి. తక్కిన 24 తెలిసియు తొందరలో తప్పినవి. అట్టి తప్పు ఒక్కొక్కదానికి ఐదు మార్కులు నష్టము: రావలసిన నాలుగు, కోసిన ఒకటి. తొందర వలననే 120 మార్కులు పోయినవన్నమాట! తెలియని పాఠములకు గురువు కావలెను, నెలలు కావలెను. తొందరకు కావలసినది గడియారము నెదుట నుంచుకొని వారము వారము చేయు అభ్యాసము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను మూడవమారు గాని గెలువలేదని పెద్దలు పిల్లలకు చెప్పుచుందురు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికా కేగి ప్రఖ్యాత పరిశోధకుడైన వాడాయన. అయితే రాజమహేంద్రవరమున చదువుచుండగా ఆప్తుల మరణములు ఆయనను క్రుంగదీసినవనియు, తుదకు గెలిచినది మద్రాసు హిందూ హైస్కూలునుండి యనియు చెప్పువారు తక్కువ. ఆ మూడవ ప్రయత్నము మొదటిదాని వంటిది కాదు.

మార్కులు తెలుపని సంగతి మరియొకటి కలదు. ఎం.బి.బి.యస్. నాలుగున్నర యేండ్లు, ఆపై ఒక యేడు ఆసుపత్రిలో శిక్షణ. ఇంత చదివి చేయవలసిన పని యెట్టిదో ఆమె యెన్నడును దగ్గరగా చూడలేదు. వైద్యాధికారి యనుమతితో సమీపమునందలి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున నాలుగు దినములు ఒక మూల కూర్చుండెను. మొదటి దినమున నర్సు ఒక ముసలివాని కాలిపుండు కడుగుచుండగా కన్నులు మూసికొనెను. మూడవ దినమున చూడగలిగెను. మందు మాన్పవలదని ఒక మధుమేహ రోగికి ఆ నర్సు అదే మాట నాలుగుమారులు, విసుగుకొనక చెప్పుటయు చూచెను. నాలుగేండ్ల బి.ఎస్‌సి. నర్సింగు తనకు తగియుండునేమో యని తోచెను. ఆ తలపు నామె త్రోసివేయలేదు.

“నాయనా, ఒక్క యేడు చాలును” అని యింటికి వచ్చి చెప్పెను. “తొందర తప్పులు మాన్పుటకు హైదరాబాదేల? భౌతికశాస్త్రమునకు మాత్రము మిర్యాలగూడలో పాఠము చెప్పించుకొందును. డిసెంబరునాటికి ఆ 24 తప్పులు పదికి దిగకున్న నర్సింగునకు దరఖాస్తు పెట్టెదను.”

తండ్రి తల యూపి, నారుమడికి నీరు పెట్టుటకు పోయెను. ఆమె గోడనున్న కేలెండరులో డిసెంబరు పుట తిప్పి, చివరి ఆదివారము చుట్టు గీత గీసెను.