దొడ్లో దొరికిన గుండీ

మొన్న మాఘమాసంలో మా పుట్టింటికి వెళ్ళాను. మండపేట దగ్గర పల్లె. నూతి పక్కనున్న బట్టలుతికే బండ తీయించి, అక్కడ కరివేపాకు మొక్క పెడదామని తమ్ముడు గొయ్యి తవ్విస్తున్నాడు. మట్టి పక్కకి లాగుతుంటే నా చేతికి చిన్న రేగుపండంత గుండీ ఒకటి తగిలింది.

ఏదో పాత గౌనుకి కుట్టిన ఇత్తడి గుండీ అనుకుని, అలవాటు కొద్దీ చింతపండు తెచ్చి తోమబోయాను. మా మరదలు ఆపింది. "ఉండండి వదినా, ఇత్తడైతే ఇన్నాళ్ళు మట్టిలో ఉండి చిలుమెక్కాలి కదా, వెండైతే నల్లబడాలి" అంది. నిజమే, మట్టి రాలిన చోటల్లా పసుపు రంగు అలాగే ఉంది. కుంకుడు రసంలో కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లిగా రుద్దాం. ముందువైపు ఎనిమిది రేకుల పువ్వు, మధ్యలో ఎర్ర రాయి. వెనక్కి తిప్పితే దారంతో కుట్టే కన్నాలు లేవు. చిన్న కాడ, దాని చివర బిళ్ళ, కాడ మొదట్లో తెగిన రింగు.

అది చూడగానే అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను.

మీలో కాస్త వయసున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. వెనకటి పెద్దవాళ్ళ లాల్చీలకి గుండీలు కుట్టేవారు కాదు. రెండువైపులా కాజాలే ఉండేవి. సన్నటి గొలుసుతో కలిపిన బంగారు గుండీలో, వెండి గుండీలో వాటిలో పెట్టుకుని, ఉతుక్కి వేసే ముందు తీసి దాచుకునేవారు. మా తాతగారికి అలాంటివి నాలుగు ఉండేవి. 1971 సంక్రాంతికి అవి మూడయ్యాయి.

కనుమ నాడు పొద్దున్నే మామ్మ పెట్టె తెరిచి చూస్తే కిందిది లేదు. ముందురోజు లాల్చీ ఉతికింది కొత్త కోడలు, మా పిన్ని. అప్పటికి ఆవిడ కాపరానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. అదే రోజు వాళ్ళ అన్నయ్య పండక్కి చూసిపోవడానికి వచ్చి వెళ్ళాడు. ఇంకేముంది, ఈ రెండూ కలిపేసుకున్నారు. ఎవరూ పైకి ఏమీ అనలేదు. మామ్మ బీరువా తాళాలు మాత్రం ఆ రోజు నుంచి బొడ్లోకి వెళ్ళాయి. పిన్ని గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. రెండేళ్ళు తిరక్కుండా బాబాయి రాజమండ్రిలో వేరు కాపురం పెట్టాడు.

అప్పుడు నాకు ఏడేళ్ళు. వంటింట్లో విన్నది మనసులో పెట్టుకోలేక, పిన్ని నాకు జడ వేస్తుంటే "పిన్నీ, తాతగారి గుండీ ఎక్కడ దాచావు?" అని అడిగేశాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి. "నేను తియ్యలేదమ్మా" అని మళ్ళీ జడ వేసింది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సరే, ఇది ఆ గుండీయేనని తేలాలి కదా. తమ్ముడు లాకరులోంచి మిగతా మూడూ తెచ్చాడు. నాలుగూ పట్టుకుని ఆచారిగారి దగ్గరికి వెళ్ళాం. నగలకి హాల్‌మార్క్ వచ్చిందే 2000లో, కాబట్టి ఇలాంటి పాత వస్తువు మీద ముద్ర వెతికి లాభం లేదు. ఆయన గీటురాయి మీద దీన్ని ఒకసారి గీసి, పక్కన 22 క్యారెట్ల బంగారంతో ఇంకో గీత గీసి, రెంటి మీదా ద్రావకం చుక్క వేశారు. రెండు గీతలూ చెరగలేదు. తూకం మిగతా వాటితో సరిపోయింది. పువ్వు రేకుల చెక్కుడూ అదే.

తర్వాత భూతద్దం పెట్టి ఆ రింగు చూపించారు. "ఎవరైనా కత్తిరించినా, లాగి తెంపినా అంచు ఇలా ఉండదమ్మా. గొలుసు రాసుకుని రాసుకుని అరిగి, దారంలా సన్నబడి విడిపోయింది" అన్నారు. మిగతా మూడింటి రింగులూ ఒకవైపు అలాగే అరిగి ఉన్నాయి.

అప్పుడు నాకు లెక్క అందింది. రాత్రి గుడ్డి దీపంలో గుండీలు తీసి పెట్టెలో పెట్టేది మామ్మే. కిందిది గొలుసు నుంచి విడిపోయి కాజాలోనే ఉండిపోయి ఉంటుంది. లాల్చీతో పాటు బండ మీదికి వెళ్ళి మట్టిలో పడి ఉంటుంది.

మావారికి ఫోన్ చేస్తే, "పది రూపాయలు మించిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకి చెప్పాలి, 1878 నుంచీ చట్టం ఉంది" అని వేళాకోళం చేశారు. "ఇది నిధి కాదండీ, నింద" అన్నాను.

మర్నాడే రాజమండ్రి వెళ్ళాను. పిన్ని కళ్ళజోడు తుడుచుకుని గుండీని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "మీ మామ్మ ఉండగా దొరకాల్సింది" అంది. అంతే, ఏడవలేదు.

నేనే ఉండబట్టలేక, "జడ వేస్తుంటే నిన్ను అడిగాను, గుర్తుందా పిన్నీ?" అన్నాను.

"గుర్తు లేకపోవడమేమిటే! ఇంత ఇంట్లో నన్ను అడిగింది నువ్వొక్కదానివే. అడిగావు కాబట్టి తియ్యలేదని చెప్పుకున్నాను. మిగతావాళ్ళు అడగనే లేదు, ఎవరికని చెప్పను?"

ఇన్నేళ్ళూ నేను అడగడమే తప్పనుకున్నాను. అడగకుండా ఊరుకున్న వాళ్ళందరినీ పెద్దమనిషి తరహా అనుకున్నాను.

నాలుగు గుండీలూ నువ్వే ఉంచుకోమని తమ్ముడు చెప్పమన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు. "నాకెందుకు, గొలుసుకి అతికించి వాడి కొడుక్కి ఇవ్వమను. ఉన్నవాళ్ళకి మాత్రం దొరికిందని చెప్పు" అంది.

ఆ సాయంత్రం నుంచి వరసగా ఫోన్లు చేశాను. కాకినాడ అత్తయ్యకి, హైదరాబాదులో పెదనాన్న పిల్లలకి, మా అమ్మకి. అందరూ ఒకటే మాట: "అయ్యో, నేనెప్పుడూ అనుమానించలేదమ్మా!"

"అయితే ఆ మాట పిన్నికి ఫోన్ చేసి చెప్పండి" అన్నాను. ఇప్పటికి ముగ్గురు చేశారు.