తాత రేడియోకి తోడు

మా ఇల్లు దొడ్డబళ్ళాపురంలో మగ్గాల వీధిలో ఉంది. పొద్దున తొమ్మిదికి ఎదురు షెడ్డులో మరమగ్గాలు మొదలైతే మా ఇంట్లో అరిస్తేనే మాట వినిపిస్తుంది. మా తాత నలభై ఏళ్ళు ఆ మగ్గాల మధ్యనే పనిచేశారు. ఇప్పుడు ఆయనకు చెవులు సరిగా వినపడవు. ముఖ్యంగా 'స' లాంటి సన్నని శబ్దాలు అందవు. "సంచి" అంటే "కంచా?" అని అడుగుతారు. మొదట్లో మేము నవ్వేవాళ్ళం. మగ్గాల చప్పుడు వల్లే అలా అయిందని డాక్టరుగారు చెప్పాక నవ్వడం మానేశాం.

తాతకు ఒక పాత వాల్వు రేడియో ఉంది. స్విచ్ వేస్తే లోపల గాజు బుడ్లు మెల్లగా ఎర్రబడి, అర నిమిషానికి పాట వస్తుంది. ఈ వాల్వులు మన బెంగళూరులోనే, జాలహళ్ళి బి.ఇ.ఎల్.లో 1961 నుంచి తయారయ్యేవి. కానీ మా రేడియోలో మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే ఉన్నాయి. మగ్గం మోటారు తిరిగితే చాలు, ఒకటే గరగర. మీడియం వేవ్‌లో పాటను తరంగం ఎత్తు మోస్తుంది, మోటారు నిప్పురవ్వలు చెడగొట్టేదీ ఆ ఎత్తునే. ఎఫ్.ఎం.లో పాటను మోసేది పౌనఃపున్యంలో మార్పు. అందుకే గరగర చాలా తక్కువ. 1933లో అమెరికా ఇంజనీరు ఆర్మ్‌స్ట్రాంగ్ దీనికి పేటెంట్లు పొందారు.

"ఫోనులో వినొచ్చు కదా" అన్నారు నాయన. తాత ఒప్పుకోలేదు. ఆయనకు తన రేడియోలోనే వినాలి. దాని వెనక గ్రామఫోను తగిలించే రంధ్రాలున్నాయి. ఎఫ్.ఎం. ట్యూనర్ కొని అక్కడ తగిలిస్తే సరిపోతుందని మా సైన్సు సారు చెప్పారు. అదీ వాల్వులదే కావాలని తాత పట్టు!

ఒక ఆదివారం ముగ్గురం రైలెక్కి బెంగళూరు వెళ్ళాం. చిక్కపేట దగ్గర సందులో పాత రేడియోలు బాగుచేసే ఒకాయన రెండు చూపించారు. ఒకటి జర్మనీ పెట్టె. నున్నటి చెక్క, దంతం రంగు మీటలు, స్టేషను దొరికితే వెలిగే పచ్చ కన్ను. తాత దాన్ని పట్టుచీర తడిమినట్టు తడిమారు. రెండోది అమెరికా ట్యూనర్, బూడిద రంగు రేకు డబ్బా.

నేను వంగి ముల్లు తిరిగే అంకెలు చదివాను. జర్మనీదానిలో 87 నుంచి 100 వరకే ఉంది. అప్పట్లో వాళ్ళ దేశంలో ఎఫ్.ఎం. అంతవరకేనట. మన బెంగళూరు రెయిన్‌బో 101.3లో, వివిధ భారతి 102.9లో ఉన్నాయి. రెండూ రావు. అమెరికాదానిలో 88 నుంచి 108 దాకా ఉంది.

"తాతా, దీంట్లో నీ స్టేషను రాదు" అని చెవి దగ్గర గట్టిగా చెప్పాను. తాత కాసేపు పచ్చ కన్నునే చూస్తూ ఉండిపోయి, "సరే పాపా, రేకుదే తీసుకో" అన్నారు.

దానికీ చిక్కులున్నాయి. అది 117 వోల్టులది, మన కరెంటు 230. మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. ఇంకొకటి నాకు బాగా గుర్తుండిపోయింది. అమెరికా స్టేషన్లు సన్నని శబ్దాలను మనకంటే ఎక్కువ పెంచి పంపుతాయట, అక్కడి ట్యూనర్ వాటిని అంతగా తగ్గిస్తుందట. వాళ్ళ లెక్క 75 మైక్రోసెకన్లు, మనది 50. అలాగే వాడితే మన పాటలో సన్నని శబ్దాలు మొద్దుబారుతాయి. తాతకు అసలే అందనివి అవే కదా! అంగడాయన ఒక కెపాసిటర్ మార్చి ఇచ్చారు. వాల్వు పాటకు తీపి ఎక్కువని కూడా ఆయన అన్నారు, అది మాత్రం నేను నమ్మలేదు. లోపల రెండు వందల వోల్టుల పైనే ఉంటుందని, ప్లగ్ తీసినా మూత తెరవొద్దని రెండుసార్లు హెచ్చరించారు.

ఇంటికొచ్చి మేడమీద మీటరున్నర రాగి తీగను మధ్యకు కత్తిరించి, రెండు ముక్కలు అడ్డంగా కట్టి, మధ్య నుంచి వైరు దించాం. మర్నాడు తొమ్మిదికి ఎదుటి మగ్గాలు మొదలయ్యాయి. రేడియోలో పాట ఆగలేదు, గరగర లేదు. తాత చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. చరణం అయ్యాక నా వైపు తిరిగి, ఆ పాటలో ఒక మాట చెప్పారు. 'స'తో మొదలయ్యే మాట. విని చెప్పారో, పాత పాట కాబట్టి గుర్తుండి చెప్పారో నేను అడగలేదు.

జర్మనీ పెట్టె ఎవరైనా కొన్నారేమో కనుక్కోమని మాత్రం నాయనను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.