ఎవరు మేపిన నత్తలు?

అక్వేరియంలో నత్తలు పెరిగిపోయాయని నోరు జారితే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకే మందు చెబుతారు. నత్తల్ని తినే చేపని తెచ్చి వెయ్యండి అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రెండడుగుల తొట్టి, అందులో నాలుగు గప్పీలు, గుప్పెడు మొక్కలు. ఆ ఇరుకులోకి ఇంకో నోరు తేవాలట!

ఈ నత్తల్ని ఎవరూ డబ్బిచ్చి కొనరు. మొక్కల వెంట వస్తాయి. మద్రాసు కొళత్తూరు నుంచో, కలకత్తా నుంచో వచ్చిన వాలిస్నేరియా కట్ట విప్పి ఇసుకలో గుచ్చుతాం. ఆకు వెనక చిన్న జిగురు ముద్ద ఉంటుంది, దాన్లో గుడ్లు ఉంటాయి. కొన్నాళ్ళకి అద్దం మీద ఆవగింజంత నత్తలు పాకుతూ కనిపిస్తాయి. ఎక్కువగా కనిపించేది బ్లాడర్ నత్త. గరోన్ నది నత్తని చూసి డ్రాపర్నో అనే ఫ్రెంచి పండితుడు దానికి పెట్టిన పేరు 1805లో అచ్చయింది. అది యూరప్‌దేనని చాలాకాలం నమ్మారు. తీరా దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా అని తేలింది. ప్రతి నత్తలోనూ ఆడతనం, మగతనం రెండూ ఉంటాయి. జత దొరక్కపోతే తనంతట తనే గుడ్లు పెట్టేస్తుంది. ఇక సన్నగా, పొడుగ్గా, మొన తేలి ఉండే ట్రంపెట్ నత్త మన ఆసియా, ఆఫ్రికా నీళ్ళది. దానికి మగతో పనే లేదు, పైగా గుడ్లు కాదు, ఏకంగా పిల్లల్నే కంటుంది. పగలంతా ఇసుకలో దాక్కుని, దీపం ఆర్పాక బయటికొస్తుంది.

ఇంత సంతాన శక్తి ఉన్న ప్రాణి కదా, మరి కొన్ని తొట్లలో పదో పరకో ఉండి అక్కడే ఎందుకు ఆగిపోతోంది? నత్తకి తిండి కావాలి. గుల్ల కట్టుకోవడానికి సున్నం కావాలి. చేప తినగా మిగిలి అడుక్కి దిగిన గుళికలు, కుళ్ళిన ఆకులు, అద్దానికి పట్టిన నాచు ఎంతుంటే నత్తలూ అంతే ఉంటాయి. మేత ఎక్కువైతే గుడ్లు ఎక్కువవుతాయి, తగ్గితే తగ్గుతాయి. అంచేత నత్తలు ముసురుకున్న తొట్టిని ఎవరైనా చూపిస్తే నేను నత్తల్ని చూడను, పక్కన పెట్టిన మేత డబ్బా ఎంత పెద్దదో చూస్తాను.

మనవాళ్ళకి ఎవరి కడుపైనా నిండిందంటే నమ్మకం కుదరదు. ఇంటికొచ్చిన చుట్టం వద్దన్నా మారు వడ్డిస్తాం. అదే చెయ్యి చేపల మీదికీ పోతుంది. పొద్దున నాన్న వేస్తాడు, బడినుంచి వచ్చి పిల్లాడు వేస్తాడు, సాయంత్రం తాతగారు నిలబడి ఇంకో చిటికెడు చల్లుతారు. చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఆకలనుకుంటారు. మనిషి నీడ పడితే పైకి రావడం దానికి అలవాటు, అంతే. గప్పీ పొట్ట ఎంతని? ఒకటి రెండు నిమిషాల్లో తినేయగలిగినంత వేస్తే చాలు. వారానికో రోజు ఏమీ వేయకపోయినా దానికేం కాదు, ఒంటికి మంచిది కూడా. ఇంట్లో ఒక్కరే మేత వేసేలా కట్టడి చేస్తే, నెల తిరిగేసరికి అద్దం మీద తేడా తెలుస్తుంది.

ఈలోగా ఉన్నవాటిని తీయాలంటే రాత్రి పడుకునే ముందు ఒక కీరా ముక్కో, ఉడకబెట్టిన పాలకూర ఆకో తొట్టిలోకి దించండి. తెల్లారేసరికి దాని నిండా నత్తలు పట్టుకుని ఉంటాయి. ముక్కతో సహా ఎత్తేయండి. వాటిని మాత్రం కాలవలోనో చెరువులోనో పారేయొద్దు. కొత్త మొక్కల్ని తొట్టిలో పెట్టేముందు పటిక నీళ్ళలో నానబెట్టి, కొన్నాళ్ళు వేరే బకెట్లో ఉంచి చూడండి. పని ఇంతే.

ఈ మాట ఒక దుకాణదారు మా అక్కయ్య కూతురికి చెప్పి ఉంటే ఎంత బావుండేది! ఆ పిల్ల తన పుట్టినరోజు డబ్బులతో చిన్న తొట్టి పెట్టుకుంది. గప్పీలు, ఎర్ర చెర్రీ రొయ్యలు వేసింది. నత్తలు ఎక్కువయ్యాయని అడగబోతే ఒక సీసా చేతిలో పెట్టి రెండు మూతలు పోయమన్నాడు. అది రాగి మందు. రొయ్య నెత్తుట్లో ఆక్సిజన్‌ని మోసే పదార్థంలోనూ రాగే ఉంది, కానీ నీళ్ళలో కరిగిన రాగి దానికి విషం. ముందు రొయ్యలు పోయాయి. తర్వాత చాలా నత్తలు పోయాయి. ఇసుక సందుల్లో అవి కుళ్ళి, నీళ్ళలో అమ్మోనియా పెరిగి, గప్పీలు పైకొచ్చి గాలికోసం నోళ్ళు కొట్టుకున్నాయి. రొయ్యలున్నాయా అని ఒక్క ప్రశ్న అడగలేదాయన! మిగిలిన నత్తల కోసమని బోషియా చేపని కూడా అంటగట్టాడు. జానెడు దాకా పెరిగే చేప, గుంపుగా బతికే చేప, దాన్ని ఆ తొట్టికి ఒంటరిగా! ఆ పిల్ల మళ్ళీ తొట్టి జోలికి పోలేదు. చేపలు పోయినందుకంటే దీనికే నాకు కోపం. నీళ్ళ ముందు గంటలకొద్దీ కూర్చోగల పిల్లలు ఎంతమంది ఉంటారు?

దుకాణాల్లో నత్తల మందుగా అమ్మే చేపల కథలూ నాకు మింగుడుపడవు. చారల బోషియా పడమటి కనుమల వాగుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా ఉండదు, అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. వేలి కణుపంత బఠాణీ పఫర్ కేరళ పంబా నది వాసి, దానికీ ముప్పు ఉంది. నేను మేత ఎక్కువ వేసినందుకు కేరళ నదిలో చేప ఖాళీ కావాలా?

ఒక నత్త కోసం ఇంకో ప్రాణిని దించడం ఎక్కడికి పోతుందో పసిఫిక్ దీవుల్ని చూస్తే తెలుస్తుంది. ఆఫ్రికా రాక్షస నత్త మన దేశంలో అడుగుపెట్టింది 1847లో. నత్తల పరిశోధకుడు బెన్సన్ మారిషస్ నుంచి తెచ్చి కలకత్తా చౌరంఘీ తోటలో వదిలాడు. అదే నత్త పసిఫిక్ దీవుల్లోనూ పంటల మీద పడింది. దాన్ని తినిపించడానికి 1955లో హవాయికి, 1977లో మూరెయా దీవికి రోజీ అనే వేట నత్తని తెచ్చారు. అది రాక్షస నత్తని వదిలి చిన్నచిన్న స్థానిక నత్తల్ని వేటాడింది. మూరెయా అడవుల్లో మాత్రమే ఉన్న పార్టులా నత్తలు పదేళ్ళకే అక్కడ లేకుండా పోయాయి. జంతు ప్రదర్శనశాలల్లో దాచి పెంచిన కొన్నిటిని 2015 నుంచి మళ్ళీ ఆ దీవుల్లో వదులుతున్నారు.

ఎవరూ తెచ్చి దించకుండానే నత్తని తినడం తెలిసినవాడు నత్తగుల్ల కొంగ. మన పొలాల్లో, చెరువుల్లో తిరిగే ఈ కొంగకి రెండు దవడల నడుమ సందు ఉంటుంది, ముక్కు మూసినా మూసుకోదు. పిల్లకొంగకి ఆ సందు ఉండదు, వయసుతో వస్తుంది. ఆ సందుతో గుల్లని అడకత్తెరలో వక్కలా నొక్కుతుందని జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ అనుకున్నాడు. తర్వాత గమనించినవాళ్ళు కాదన్నారు. కింది దవడ మొనని గుల్ల మూత కిందికి పోనిచ్చి, కండని కోసి, మాంసాన్ని ఊడదీస్తుందని చెప్పారు. ఇదంతా నీళ్ళలోపలే జరిగిపోతుంది, అందుకే అంతకాలం ఎవరికీ అంతుబట్టలేదు. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్, కళ్ళకి గంతలు కట్టినా ఈ కొంగ నత్తని ఒలిచేస్తుందని రాశాడు. నాకు జెర్డన్ మీద ఇష్టం దీనివల్లే పుట్టింది.

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో ఈ కొంగలు పెలికాన్ల మధ్య గూళ్ళు పెడతాయి. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచిలోనైతే ఊళ్ళో చెట్ల మీదే ఉంటాయి, ఊరివాళ్ళు వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. వెళ్ళేవాళ్ళు బైనాక్యులర్స్ మర్చిపోకండి. ముందు ముసలి కొంగ ముక్కు చూసి, తర్వాత గూట్లోని పిల్ల ముక్కు చూడండి.